చెయ్యి చూపితేనే మాఫీ

మా మేనత్త పోయిన సంగతి నాకు కర్నూలులో, నేను పంతులుగా ఉన్న బడి వదిలే వేళకు తెలిసింది. మా ఊరి నుంచి బస్సులో వచ్చిన మనిషి ఒకడు బడి గోడ దగ్గర నిలబడి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని చెప్పాడు. "మీ అత్త నిన్న పొద్దున పోయిందప్పా. సాయంత్రానికే మట్టి గూడ అయిపోయినాది. శానా మంచి మనిషి. ఒకర్ని నొప్పించి ఎరగదు."

నేను వాడి ముఖం చూశాను. పోయిన వేసవిలో ఇదే మనిషిని మా అత్త పదిమంది ముందు గొర్రె అని పిలిచింది. గొర్రె అన్నందుకు గొర్రెలకు క్షమాపణ కూడా చెప్పింది. ఇప్పుడు వాడు కళ్ళు తుడుచుకుంటున్నాడు. చావు వల్ల మనుషులకు జ్ఞాపకశక్తి పోతుందని నాకు ఆ రోజే అర్థమైంది.

మూడో రోజు ఊరికి పోయాను. వసారా నిండా జనం. చల్లని తల్లి అని ఒకడు, శాంతమూర్తి అని ఒకడు, ఆమె నోటి వెంట ఒక పరుషమైన మాట ఎప్పుడూ రాలేదని మూడోవాడు. ఆమె బతికి ఉండగా ఆ వసారా మెట్టు ఎక్కడానికి జంకినవాళ్ళే అందరూ. వింటూ కూర్చున్నాను గానీ నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషిని మట్టిలో పెట్టారు సరే, ఆమె నాలుకను కూడా కోసి పక్కన పెట్టాలా? అందుకే ఇది రాస్తున్నాను. మా అత్త శాంతమూర్తి కాదు. ఆమెకు లోకంలో చాలామంది మీద ఏవగింపు ఉండేది. అందులో ముప్పాతిక భాగం న్యాయమైనదే.

మా వాళ్ళు దూదేకులవాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, నమాజు చేస్తాం, ఉగాది పచ్చడి తింటాం. కోయిలకుంట్ల చుట్టుపక్కల రేగడి నేలల్లో పత్తి పండినంత కాలం మాకు పని ఉండేది. మా అత్త మా నాయనకు అక్క. పిల్లలు లేరు. పాతికేళ్ళ కిందట మొగుడితో కలిసి హజ్జుకు బయలుదేరి ఒక్కతే తిరిగి వచ్చింది. మా ఊరి నుంచి అంతకు ముందు హజ్జుకు పోయిన ఆడమనిషి లేదు, ఆ తర్వాతా లేదు.

హజ్జు చేసి వచ్చిన మగవాణ్ణి హాజీ అంటారు. ఆడమనిషిని ఏమనాలో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. పెద్దమనుషులు కూర్చుని, తెగ ఆలోచించి, హాజీ అమ్మ అనాలని తేల్చారు. తేల్చిన వాళ్ళకు చెవులు లేవా అని నేను చాలాసార్లు అనుకున్నాను. హాజీ అమ్మ అనే మాటను గబగబా నాలుగుసార్లు అనండి, హాజమ్మ అవుతుంది. హాజమ్మ అని తెలుగువాళ్ళు ఎవరిని అంటారో నేను చెప్పనక్కర్లేదు. ఎలుకను చూసి మంచమెక్కే మగవాణ్ణి అంటారు. ఊరు ఊరంతా భక్తిగా, చేతులు కట్టుకుని, మా అత్తను హాజమ్మా హాజమ్మా అని పిలవడం మొదలుపెట్టింది.

ఆమె మొదటిసారి విన్నప్పుడే చెప్పిందట. "హాజమ్మ నేను గాదు, మీ మామ. ఆయన్ను దీవిలో పూడ్చినారు. కావల్నంటే ఆడికి పోయి పిలుచుకోండి."

మా మామ సంగతి చెప్పాలి. నేను చిన్నప్పుడు చూశాను, ఎత్తైన మనిషి. దూదేకే విల్లు పట్టుకుని పొద్దున కూర్చుంటే సందె వేళకు గానీ లేచేవాడు కాదు. అట్లాంటి వాడికి సూది అంటే చచ్చేంత భయం. హజ్జుకు పోవాలంటే మశూచి టీకా వేయించుకుని తీరాలి. బొంబాయిలో ఓడ ఎక్కే ముందు వరసలో నిలబెట్టి చొక్కా చేతులు పైకి లాగించి మచ్చ చూస్తారు. మచ్చ లేకపోతే ఓడ లేదు. మా అత్త కోయిలకుంట్ల ఆసుపత్రికి పోయి వేయించుకుని వచ్చి, జ్వరం పడి లేచింది. ఆమె జ్వరం చూసి మా మామకు ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. అమ్మవారిని చేతి మీదికి కెలికి పిలుచుకున్నట్టే కదా అన్నాడట ఎవరితోనో. అదీగాక, సూది వేయించుకుంటే జ్వరం వస్తుంది, జ్వరంతో పోతే బొంబాయిలో రోగివని ఆపేస్తారు అని ఊళ్ళో తెలివైనవాళ్ళు లెక్క కట్టి చెప్పారు. మా ఊళ్ళో తెలివైనవాళ్ళకు ఎప్పుడూ కొదవ లేదు.

ఆ తెలివైనవాళ్ళే ఉపాయమూ చెప్పారు. చాకలి గుడ్డల మీద గుర్తు పెట్టే నల్లజీడి గింజ ఉంది కదా. దాని రసం ఒంటికి తగిలితే బొబ్బ లేస్తుంది, చీము పడుతుంది, మానాక మచ్చ మిగులుతుంది. జబ్బ మీద నాలుగు చుక్కలు పెట్టుకుంటే చాలు, పైపైన చూసేవాడికి టీకా మచ్చకూ దానికీ తేడా తెలియదు. మా మామ అదే చేశాడు. కోయిలకుంట్ల పోయి వేయించుకున్నానని పెళ్ళానికి చెప్పాడు. ఆమె నమ్మింది. బొంబాయిలో వరసగా వెయ్యి చేతులు చూసుకుంటూ పోయేవాళ్ళూ నమ్మారు.

ఓడలో అమ్మవారు లేచింది. నమ్మనిది అదొక్కటే. ఎర్ర సముద్రంలో ఒక దీవి ఉంది, మక్కాకు పోయే ఓడలన్నిటినీ అక్కడ ఆపి, మనుషులను దింపి, గుడ్డలను ఆవిరి పట్టించి, రోగం లేదని తేలినవాళ్ళనే ముందుకు పంపేవాళ్ళు. మా మామ ఆ దీవి దాటలేదు. మా అత్త అదే ఓడలో వచ్చిన ఒక కడప ముసలి దంపతుల వెంట పోయి హజ్జు ముగించుకుని, వాళ్ళతోనే తిరిగి వచ్చింది. వచ్చిన రోజు ఊళ్ళో ఆడవాళ్ళు ఏడవబోతే, "ఆయన కోసం ఏడిస్తే ఈ వాకిట్లోకి రావద్దు" అందట. ఊరు దాన్ని నిబ్బరం అనుకుంది. అది కోపం. నాకు ఆ తేడా తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మాలో ఒక ఆచారం ఉంది. హజ్జుకు పోయేవాళ్ళు బయలుదేరే ముందు బంధువుల ఇళ్ళకు, ఇరుగు పొరుగు ఇళ్ళకు తిరిగి, అన్నదీ విన్నదీ మాఫ్ చెయ్యండి అని అడగాలి. అవతలివాళ్ళు మాఫ్ చేశామంటేనే ఆ మనిషి నిశ్చింతగా అడుగు బయట పెడతాడు. హజ్జు చేసివచ్చిన ముసలమ్మ మాఫీ అయితే ఇంకా మంచిదని నంద్యాల నుంచి, కడప నుంచి కూడా జనం మా అత్త దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆమెను జన్మలో చూసి ఉండరు, ఆమెను ఒక్క మాట అని ఉండరు, అయినా మాఫ్ చెయ్యమ్మా అని వచ్చి నిలబడేవాళ్ళు.

"చెయ్యి చూపీ" అనేది ఆమె.

దీవించడానికేమో అనుకుని వాళ్ళు అరచేయి చాపేవాళ్ళు. "అది గాదు. జబ్బ." చొక్కా పైకి లాగి, బొటనవేలు తడి చేసుకుని, మచ్చ మీద గట్టిగా రుద్దేది. టీకా మచ్చ గుంట పడుతుంది, గుంటలో సన్నటి చుక్కలుంటాయి. జీడి మచ్చ నున్నగా ఉండి అంచు నల్లబడుతుంది. ఆమెకు ఆ తేడా నేర్పడానికి ఒక మనిషి ప్రాణం ఖర్చయింది, అందుకని ఆమె దాన్ని మరిచిపోలేదు. చెయ్యి సరిగా ఉంటే మాఫీ. లేకపోతే తిట్లు.

ఒకసారి కడప నుంచి తోళ్ళ వ్యాపారి వచ్చాడు. జరీ టోపీ, వెంట ఇద్దరు నౌకర్లు. చెయ్యి చూపించాడు, బాగానే ఉంది. అంతటితో పోయుంటే బాగుండేది. గొప్ప కోసం ఒక రేకు డబ్బా తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఇదేందప్పా?" అంది.

"అన్ని రోగాలకూ మందమ్మా. బొంబాయి నుంచి తెప్పించినా. ఇది ఉంటే ఇంగేమీ అక్కర్లేదంట."

"అన్ని రోగాలకా? మరి నీ తిక్కకు ఎంత మోతాదు రాసినాడు దాంట్లో?"

ఇంకొకాయన పత్తికొండ వైపు రైతు. పరాయి దేశం నీళ్ళు పడవని, ఇంటి బావి నీళ్ళు పెద్ద పెద్ద డబ్బాల్లో నింపి మూతలు అతికించుకుని పోతున్నానని మురుస్తూ చెప్పాడు. ఆమె "మరగబెట్టినావా?" అంది. లేదన్నాడు. మా బావి నీళ్ళు తేటగా ఉంటాయన్నాడు. "దాంట్లో పురుగులకు గూడ టికెట్టు తీసుకున్నావా, నీకొక్కనికేనా?" అంది. ఆయన నొచ్చుకుని లేచిపోయాడు గానీ, నీళ్ళు పారబోసి పోయాడని తర్వాత తెలిసింది.

తిట్టాక కూర్చోబెట్టి చెప్పేది. అది మాత్రం ఓపిగ్గా చెప్పేది. నీళ్ళు తెర్లించి మూతపెట్టి చల్లార్చుకో. కోసిపెట్టిన పండు ముట్టద్దు, ఈగలు నీకంటే ముందు తిని ఉంటాయి. ఎండలో తల కప్పుకో, మధ్యాన్నం పూట మొండికి పోయి నడవద్దు. కడుపు జారితే లంకణం చేయద్దు, గంజిలో ఉప్పేసుకుని తాగుతానే ఉండు. ఆసుపత్రి డేరా యాడుండాదో దిగిన రోజే చూసి పెట్టుకో, పడిపోయినాక ఎతుక్కుంటే దొరకదు. కలరా సూదులు రెండు, ఒకటి వేయించుకుని రెండోది ఎగ్గొట్టద్దు. రెండోది ఎగ్గొట్టే వాళ్ళంటే ఆమెకు మహా కంపరం. సగం గోడ కట్టి దొంగ రాడనుకునే రకం అనేది.

కొందరు ముసలివాళ్ళు, ఆ పుణ్యభూమిలో ప్రాణం పోతే అంతకంటే ఏం కావాలమ్మా అనేవాళ్ళు. అది అందరూ తలలూపే మాట. ఆమె ఊపేది కాదు. "చచ్చేదానికే అయితే ఈడ గోరీల దిబ్బ లేదా? హజ్జు చేసేదానికి పోతాండావా, చచ్చేదానికి పోతాండావా, ముందు తేల్చుకోని రా" అనేది. నాకు ఆమె మీద భక్తి పుట్టింది ఈ మాట విన్నాకే. భక్తి పేరుతో సోమరితనాన్ని కప్పుకునే వాళ్ళను నేను ఆ తర్వాత చాలామందిని చూశాను, చూసిన ప్రతిసారీ ఆమె గొంతే గుర్తొచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయింది. ఓడలు మళ్ళీ నడుస్తున్నాయని కబురొచ్చింది. మా నాయన బయలుదేరతానన్నాడు. ఎన్నో ఏళ్ళ కోరిక ఆయనది. అన్ని ఇళ్ళూ తిరిగి మాఫీ అడిగి, అక్క ఇంటికి చివరగా వచ్చాడు. నేను సెలవు పెట్టి వచ్చి ఉన్నాను. ఊరి పెద్దలు కూడా వెంట ఉన్నారు. మా నాయన ఆమె ముందు కూర్చుని, తనే చొక్కా పైకి లాగి చూపాడు. అడగకముందే చూపడం నాకు కొంచెం వింతగా తోచింది.

ఆమె బొటనవేలితో రుద్దింది. మళ్ళీ రుద్దింది. తర్వాత ఏమీ అనలేదు. మా అత్త మాట్లాడకుండా ఉండటం నేను చూడటం అదే మొదలు, నాకు భయం వేసింది.

"యాడ వేయించుకున్నావు?" అంది చివరికి.

"కోయిలకుంట్ల ఆసుపత్రిలో."

"ఎవరు వేసినారు?"

"కాంపౌండరు."

"కాంపౌండరు చాకలి పని ఎప్పటి నుంచి చేస్తాండాడు?"

మా నాయన తల దించుకున్నాడు. "టైము లేదక్కా. సూది వేయించుకుంటే జ్వరమొస్తాది. జ్వరంతో పోతే బొంబాయిలో నిలిపేస్తారు. ఇన్నేండ్లకు కుదిరినాది. అల్లా చూసుకుంటాడులే."

"అల్లా నీకు చెయ్యి ఇచ్చినాడు. కోయిలకుంట్లలో సూది పెట్టినాడు. ఇంగ ఆయనే వచ్చి పొడవల్నా?" అంది. అని, ముఖం పక్కకు తిప్పుకుంది. "నిన్ను మాఫ్ చేయను. పో."

పెద్దమనుషులు కల్పించుకున్నారు. అక్కవు, అట్లనకూడదు, పోయే మనిషి మనసు విరిచేయకూడదు, ఒక్క మాట అంటే పోయేదేముంది అన్నారు. ఇరవై ఏళ్ళ కిందట మా మామకు లెక్క కట్టి చెప్పినవాళ్ళలో బతికి ఉన్నవాళ్ళు వీళ్ళే. నా ఊహ తప్పు కాకపోతే మా నాయనకు లెక్క చెప్పిందీ వీళ్ళే. ఆమె వాళ్ళ వైపు కూడా చూడలేదు. "ఒక ఇంట్లో ఒకర్ని మింగినారు, సాలదా?" అంది. వాళ్ళు ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కున్నారు.

మా నాయన వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తోడబుట్టినదాని మాఫీ లేకుండా చేసిన హజ్జు ఆ దేవుడికి చేరదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఆమెకూ తెలుసు. అన్నం తినలేదు ఆయన. ఆమె వండిన అన్నానికి మూత పెట్టి తనూ తినలేదు. ఆయన హజ్జుకు పోకుండా ఉండిపోతే ఆ దిగులుతోనే ప్రాణం విడుస్తాడని నాకు తెలుసు, సూది లేకుండా పోతే ఏమవుతాడో ఆమెకు తెలుసు. ఇద్దరూ ముసలివాళ్ళు, ఇద్దరూ మొండివాళ్ళు, మధ్యలో నేను. ఎండ వాకిలి దాటి గడప మీదికి వచ్చాక మా నాయన లేచి, "బండి కట్టమను" అన్నాడు నాతో.

కోయిలకుంట్లకు ముగ్గురమూ పోయాం. సూది గీస్తున్నప్పుడు మా నాయన కళ్ళు గట్టిగా మూసుకుని మూలిగాడు. ఆమె ఆయన రెండో చెయ్యి పట్టుకుని, ముఖం చిట్లించి, "సంకలో పిల్లకాయలు గూడ ఇంత గోల చెయ్యరు" అంది. చెయ్యి మాత్రం వదల్లేదు.

జ్వరం వచ్చింది. అనుకున్న ఓడ తప్పిపోయింది. ఊళ్ళో తెలివైనవాళ్ళు మేం చెప్పలేదా అన్నారు. మా నాయన అక్క ఇంట్లోనే పడుకున్నాడు. జబ్బ వాచి, పొక్కు లేచి, చీము పట్టింది. ఒక మధ్యాహ్నం ఆమె ఆయన పక్కన కూర్చుని ఆ పొక్కు వంక చూస్తూ, విసనకర్రతో విసురుతూ, "ఇంగ నిన్ను మాఫ్ చేసినా. తర్వాతి ఓడకు పో" అంది. నేను గడపలో కూర్చుని ఉన్నాను.

విసనకర్ర చెయ్యి మార్చుకుని మళ్ళీ అంది. "మీ బావ గూడ అడిగినాడు. ఓడలో ఒళ్ళు పేలినాక చెప్పినాడు, మచ్చ జీడిదే, నన్ను మాఫ్ చెయ్యి అని. నాకు మండిపోయినాది. చెయ్యను పో అన్నా. ఆ మాట మీదనే ఆయన్ను దీవిలో జబ్బోళ్ళ కొట్టంలోకి ఎత్తుకోని పోయినారు. నన్ను ఆడికి పోనియ్యలేదు. ఇంగ ఆయన్ను చూడలేదు."

విసనకర్ర ఆగిపోయింది. ఇన్నేళ్ళూ ఆమె తిట్టిన తిట్లన్నిటి వెనకా ఓడలో అన్న ఆ ఒక్క మాటే ఉందని నాకు అప్పుడు తెలిసింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆమె చూసింది గానీ వాకిలి దాటి పొమ్మనలేదు.

"ఆ దీవిలో మీ ఓడ గూడ నిలుస్తాది" అంది మా నాయనతో. "దిగినప్పుడు ఆయన గోరీ కాడికి పోయి చెప్పు, మాఫ్ చేసినానని."

మా నాయన పోయాడు, హజ్జు చేశాడు, తిరిగి వచ్చాడు. ఆయన ఎక్కిన ఓడలో అమ్మవారు లేవలేదు. లేచి ఉంటే నేను చెప్పలేదా అనే అవకాశం మా అత్తకు దొరికేది, ఊరికి ఇంక బతుకుండేది కాదు. వచ్చిన రోజు ఆయన ఇంటికి కూడా పోకుండా నేరుగా అక్క దగ్గరికి వచ్చాడు. తెచ్చిన ఖర్జూరాలు ఆమె ముందు పెట్టాడు. ఆమె వాటిని పక్కకు జరిపింది.

"చెప్పినావా?"

"దీవిలో దింపినారక్కా. గోరీల దిబ్బ యాడుండాదని అడిగితే చూపినారు. ఒక రాయి లేదు, పేరు లేదు. అంతా ఇసక."

"అయితే?"

"ఏది బావదో తెల్దు. ఈ కొన నుంచి ఆ కొన దాకా నడిచినా. గుట్ట మాదిరి ఉన్న ప్రతిదాని కాడా నిలబడి చెప్పినా, మా అక్క మాఫ్ చేసింది అని."

ఆమె "ఒక్క మనిషికి చెప్పి రారా అంటే ఊరందరికీ చెప్పొచ్చినావా" అంది.

"ఏం చేయల్ల మరి?"

"శానా మంది ఉండారా?"

"శానా మంది అక్కా."

"అందరూ సూదికి బయపడినోళ్ళే అయ్యుంటారు, ఎదవలు" అంది మా అత్త. అని, తల మీద కొంగు ముందుకు లాక్కుని, రెండు చేతులూ దువాకు ఎత్తింది. మేమూ ఎత్తాం. కాసేపటికి మా నాయనా నేనూ అరచేతులు ముఖాన రాసుకుని దించేశాం. ఆమె దించలేదు. పెదవులు కదులుతూనే ఉన్నాయి. పేర్లు తెలియని వాళ్ళు కదా, ఒక్కొక్కరికీ విడివిడిగా మాఫీ అడుగుతున్నట్టుంది. పత్తి ఏకి ఏకి వంకర తిరిగిన వేళ్ళతో, ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి.